రెండు చిన్న కాలేజీల మధ్య తేల్చుకోవడం ఎలా? గ్రిన్నెల్, కార్ల్‌టన్ ఉదాహరణగా

మార్చి నెలాఖరుకల్లా అమెరికా కాలేజీల అడ్మిషన్ ఉత్తరాలు దాదాపు అన్నీ వచ్చేస్తాయి. మే 1లోగా ఏదో ఒక్కదానికి డిపాజిట్ కట్టాలి. మధ్యలో మిగిలేది ఒక్క నెల. మీ అమ్మాయికి వచ్చినవి రెండు పెద్ద విశ్వవిద్యాలయాలైతే సలహాలకు కొదవుండదు, చుట్టాలందరూ తలా ఒక మాట చెబుతారు. అయోవాలోని గ్రిన్నెల్, మిన్నెసోటాలోని కార్ల్‌టన్ వస్తే మాత్రం ఎవరూ నోరు విప్పరు. డల్లాస్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్న బాబాయి కూడా "అదెక్కడుందమ్మా?" అనే అడుగుతాడు.

వీటిని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు. నాలుగేళ్ల డిగ్రీ తప్ప మరో వ్యాపకం లేని చిన్న సంస్థలివి. గ్రిన్నెల్ 1846లో మొదలైంది, విద్యార్థులు సుమారు 1,700 మంది. కార్ల్‌టన్ 1866లో మొదలైంది, అక్కడ సుమారు 2,000 మంది. చరిత్ర, సంగీతంతో పాటే గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ కూడా చెబుతారు. ఇంటెల్ సహవ్యవస్థాపకుడు రాబర్ట్ నోయిస్ గ్రిన్నెల్‌లో చదివినవాడే. ఆర్థికవేత్త థార్‌స్టైన్ వెబ్లెన్ కార్ల్‌టన్ పట్టభద్రుడు. పట్టభద్రుల సంఖ్యతో పోల్చి చూస్తే, తర్వాత పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎక్కువగా వచ్చే కాలేజీల్లో ఈ రెండూ ఉంటాయి. ఇంజనీరింగ్ డిగ్రీ మాత్రం రెండింటిలోనూ లేదు. అమ్మాయికి మెకానికలో సివిలో కావాలంటే ఈ వ్యాసం ఆమె కోసం కాదు.

ఉదాహరణకు ఈ రెండింటినీ తీసుకున్నాను. మీ అమ్మాయికి వచ్చిన కాలేజీల జంట వేరే అయినా పద్ధతి ఇదే.

మొదటి పని: ర్యాంకు మరిచిపోండి

ఎంసెట్ ర్యాంకుతో కాలేజీని కొలిచే అలవాటు మనకు బాగా ముదిరిపోయింది. ఈ రెండూ ఏళ్ల తరబడి తమ తరహా కాలేజీల జాబితాల్లో పై వరుసలోనే ఉన్నాయి. ఈ ఏడాది ఒకటి నాలుగు మెట్లు ఎక్కి మరొకటి రెండు మెట్లు దిగితే మీ అమ్మాయి తరగతి గదిలో మారేదేమీ లేదు. రెండు కాలేజీల మధ్య నిజమైన తేడా మూడు చోట్ల ఉంటుంది: డబ్బు, ఏడాదిని విభజించే తీరు, ఆమె చదవబోయే విభాగంలోని అయిదారుగురు అధ్యాపకులు. మీ నెల రోజులూ వీటి మీద పెట్టండి.

రెండో పని: డబ్బు లెక్క ఒకే కాగితం మీద వేయండి

ఈ తరహా కాలేజీల్లో ఫీజు, గది, భోజనం, పుస్తకాలు, బీమా అన్నీ కలిపితే ఏటా 80 వేల డాలర్లు దాటుతుంది. ఆ అంకె చూసి కంగారు పడకండి, ముందే సంబరపడిపోనూ వద్దు. రెండు కాలేజీలు పంపిన ఆర్థిక సాయం ఉత్తరాలు పక్కపక్కన పెట్టండి. మొత్తం ఖర్చులోంచి తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటును, స్కాలర్‌షిప్‌ను మాత్రమే తీసేయండి. మిగిలినదే మీ జేబులోంచి పోయే అసలు ధర. కొన్ని ఉత్తరాల్లో విద్యారుణాన్ని, క్యాంపస్ ఉద్యోగంలో రాబోయే జీతాన్ని కూడా "సాయం" కింద కలిపేసి పెద్ద మొత్తం చూపిస్తారు. అప్పు ఎప్పటికైనా అప్పే. జీతం సంపాదించాకే వస్తుంది. రెండింటినీ కొట్టేయండి.

తర్వాత ఒక సంవత్సరాన్ని కాక నాలుగు సంవత్సరాలను లెక్కేయండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఖర్చు మొదటి ఏడాది 85 వేలు, ఏటా 4 శాతం పెరుగుతుంది, స్కాలర్‌షిప్ ఏటా 25 వేలకే స్థిరంగా ఉంటుంది అనుకుందాం. మొదటి ఏడాది మీరు కట్టేది 60 వేలు. దాన్ని నాలుగుతో హెచ్చవేసి 2 లక్షల 40 వేలు అనుకుంటారు. నిజానికి నాలుగో ఏడాది కట్టేది 70 వేలు దాటుతుంది, మొత్తం 2 లక్షల 61 వేలకు చేరుతుంది. ఇరవై ఒక్క వేల డాలర్ల తేడా అంటే చిన్న మొత్తం కాదు. అందుకే రెండు కాలేజీలకూ రాసి మూడు సంగతులు అడగండి: ఈ సాయం ఫీజుతో పాటు పెరుగుతుందా? నిలబెట్టుకోవడానికి ఎన్ని మార్కులు ఉండాలి? ఒక సెమిస్టర్ విదేశంలో చదివితే ఆ సాయం వెంట వస్తుందా? జవాబు ఫోన్‌లో వింటే చాలదు, ఈమెయిల్లో తీసుకోండి.

చేర్చుకున్న విద్యార్థికి తాము లెక్కగట్టిన ఆర్థిక అవసరం మొత్తాన్ని తీరుస్తామని గ్రిన్నెల్, కార్ల్‌టన్ రెండూ చెబుతాయి. "తాము లెక్కగట్టిన" అన్న చోట కాస్త ఆగండి. ఒకే కుటుంబానికి రెండు కాలేజీలు రెండు రకాల అంకెలు తేల్చవచ్చు. ఒకటి ఎక్కువ ఇచ్చి మరొకటి తక్కువ ఇస్తే, ఆ ఎక్కువ ఇచ్చిన ఉత్తరాన్ని జతచేసి రెండో కాలేజీని పునఃపరిశీలన కోరవచ్చు. ఇది అక్కడ మామూలే, సిగ్గుపడాల్సిన పని లేదు. కాకపోతే కూరగాయల బేరంలా సాగితే పని జరగదు. ఉద్యోగం పోయిందనో, ఇండియాలో ఉన్న అమ్మమ్మ వైద్యానికి నెలనెలా డబ్బు పంపుతున్నామనో కారణం చెప్పి, బిల్లులు, బ్యాంకు కాగితాలు చూపండి. ఇలాంటివి మామూలు దరఖాస్తు ఫారంలో సరిగా కనిపించవు.

హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న కుటుంబాలు మరో సంగతి చూసుకోవాలి. తల్లిదండ్రుల హెచ్1బీని బట్టి వచ్చే హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వ సాయం రాదు. అమెరికాలోనే హైస్కూల్ చదివినా, సాయం విషయంలో చాలా ప్రైవేటు కాలేజీలు వాళ్లను అంతర్జాతీయ విద్యార్థులుగానే లెక్కిస్తాయి. పైగా 21 ఏళ్లు నిండితే హెచ్4 పోతుంది, చదువు మధ్యలో ఎఫ్1 అనే విద్యార్థి వీసాకి మారాల్సి వస్తుంది. అలా మారినప్పుడు సాయంలో ఏమైనా తేడా వస్తుందా అని డిపాజిట్ కట్టకముందే అడగండి. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి: మొదటి దరఖాస్తులో సాయం అడగకపోతే తర్వాతి సంవత్సరాల్లో అడిగే అవకాశం చాలా కాలేజీల్లో ఉండదు. "ముందు చేరిపోదాం, తర్వాత చూసుకుందాం" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

మీ జంట వేరేదైతే కాలేజీ సొంత ఆరోగ్యం కూడా చూడాలి. గ్రిన్నెల్ నిధి 200 కోట్ల డాలర్ల పైమాటే, కార్ల్‌టన్‌ది 100 కోట్లు దాటింది. వీటికి భయం లేదు. కానీ అదే అయోవాలో, 1842లో పుట్టిన అయోవా వెస్లియన్ 2023లో మూతపడింది. అలబామాలోని బర్మింగ్‌హామ్ సదరన్, న్యూయార్క్ రాష్ట్రంలోని వెల్స్ కాలేజీ 2024లో మూతపడ్డాయి. గత అయిదేళ్లుగా కొత్తగా చేరే విద్యార్థుల సంఖ్య తగ్గుతూ, ఫీజు మీద రాయితీలు పెరుగుతూ పోతుంటే అనుమానించండి.

మూడో పని: క్యాలెండర్ తెరిచి చూడండి

ర్యాంకు గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లు దీన్ని పట్టించుకోరు. నా దృష్టిలో ఈ రెండు కాలేజీల మధ్య అతి పెద్ద తేడా ఇదే.

గ్రిన్నెల్‌లో ఏడాదికి రెండు సెమిస్టర్లు, ఒక్కొక్కటి 14 వారాలు. మామూలుగా ఒకేసారి నాలుగు కోర్సులు నడుస్తాయి. కార్ల్‌టన్‌లో ఏడాదికి మూడు టర్ములు, ఒక్కొక్కటి 10 వారాలు. ఒకేసారి మూడే కోర్సులు. కాగితం మీద చిన్న తేడాలాగే కనిపిస్తుంది. పది వారాల టర్ములో అయిదో వారానికి మిడ్‌టర్మ్ పరీక్షలు వచ్చి పడతాయి. ఒక వారం జ్వరంతో పడుకుంటే కోర్సులో పదో వంతు పోయినట్టే. పుస్తకాన్ని నెమ్మదిగా నములుతూ, సగం దారిలో అర్థం చేసుకునే స్వభావం ఉన్న పిల్లలకు ఇది ఊపిరాడనివ్వదు. అదే సమయంలో, నాలుగు పనులు ఒకేసారి చేయలేక సతమతమయ్యే పిల్లలకు మూడు కోర్సులే ఉండటం పెద్ద ఊరట. నచ్చని కోర్సు పడినా పది వారాల్లో వదిలిపోతుంది.

వారం వారం పరీక్షలు రాసి ఇంటర్ గట్టెక్కిన పిల్లలు వేగానికి భయపడరు. వాళ్లకు కష్టమయ్యేది ఆ వేగంలో చదవాల్సిన పేజీలు, రాయాల్సిన వ్యాసాలు. వారానికి మూడు నాలుగు వందల పేజీలు చదివి, తన మాటల్లో వాదన రాయడం మీ అమ్మాయికి ఏ మేరకు అలవాటో నిజాయతీగా చూసుకోండి.

సెలవుల తేడా కూడా తక్కువేం కాదు. కార్ల్‌టన్‌లో మొదటి టర్ము నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ నాటికి ముగిసి, రెండోది జనవరిలో మొదలవుతుంది. మధ్యలో ఆరు వారాల ఖాళీ. హైదరాబాద్ వచ్చి హాయిగా ఉండి వెళ్లొచ్చు, సంక్రాంతి మాత్రం దక్కదు. రాలేకపోతే ఆ ఆరు వారాలూ హాస్టల్ గది ఉంటుందా, భోజనశాల తెరిచి ఉంటుందా అని ముందే అడగండి. వేసవి వైపు చూస్తే లెక్క తిరగబడుతుంది: గ్రిన్నెల్ పిల్లలు మే మధ్యకల్లా బయటపడతారు, కార్ల్‌టన్ పిల్లలు జూన్ మొదట్లో. కొన్ని ఇంటర్న్‌షిప్‌లు మే నెలాఖరులోనే మొదలవుతాయి కాబట్టి ఆలస్యంగా చేరతామని ముందే అడగాల్సి వస్తుంది. సాధారణంగా ఒప్పుకుంటారు.

నాలుగో పని: తప్పనిసరి కోర్సుల జాబితా

గ్రిన్నెల్‌లో ఈ జాబితా దాదాపు లేదు. మొదటి సెమిస్టర్‌లో ట్యుటోరియల్ అనే ఒక చిన్న తరగతి తప్ప మిగతావన్నీ విద్యార్థి ఇష్టం, ఎంచుకున్న మేజర్ (ప్రధానంగా చదివే విషయం) నియమాల ప్రకారం. ఆ ట్యుటోరియల్ చెప్పే అధ్యాపకుడే మొదట్లో సలహాదారుగా ఉంటాడు. కార్ల్‌టన్‌లో మొదటి ఏడాది సెమినార్ ఒకటి, కళలు, సాహిత్యం, సమాజ శాస్త్రం, ప్రయోగశాల విజ్ఞానం ఇలా ఒక్కో రంగంలో కోర్సు, విదేశీ భాష, నాలుగు టర్ముల వ్యాయామం, చివర్లో ప్రతి మేజర్‌కూ ఒక పెద్ద సమగ్ర ప్రాజెక్టు ఉంటాయి. తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చిన పిల్లలు దాంతో భాష నియమం తీరుతుందా అని అడగవచ్చు. మినహాయింపు దొరికితే కొన్ని కోర్సుల సమయం మిగులుతుంది.

ఏది మంచిది? తనకేం కావాలో తెలిసిన, సలహాదారుతో వాదించగల పిల్లకు గ్రిన్నెల్ స్వేచ్ఛ బాగుంటుంది. "ఏదైనా ఫర్వాలేదు" అనే పిల్లకు కార్ల్‌టన్ జాబితాయే మేలు చేస్తుంది, తనంతట తాను తలుపు తట్టని గదుల్లోకి అది తీసుకెళ్తుంది. తల్లిదండ్రులకు ఒక మాట. తప్పనిసరి కోర్సులు లేవనగానే "అయితే అన్నీ కంప్యూటర్ సైన్సే తీసుకో" అని పురమాయించకండి. అంత డబ్బు పోసి చిన్న కాలేజీకి పంపేది అందుకైతే, ఆ పని ఇంతకంటే చవగ్గా ఎన్నో చోట్ల అవుతుంది.

అయిదో పని: విభాగంలో మనుషులను లెక్కపెట్టండి

పెద్ద విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్ సెలవు మీద వెళ్తే విద్యార్థులకు తెలియను కూడా తెలియదు. చిన్న కాలేజీలో ఆరుగురున్న విభాగం నుంచి ఇద్దరు వెళ్తే ఆ ఏడాది పై తరగతి కోర్సుల్లో మూడో వంతు ఎగిరిపోతాయి. అమెరికాలో అధ్యాపకులు కొన్నేళ్లకోసారి పరిశోధన సెలవు తీసుకోవడం మామూలే. అందుకే ఒక సాయంత్రం కూర్చుని, అమ్మాయితో కలిసి ఇలా చేయండి.

ఆమెకు ఇష్టమైన రెండు విభాగాల పేజీలు తెరవండి. అధ్యాపకుల్లో శాశ్వతంగా ఉన్నవాళ్లెవరు, ఏడాది రెండేళ్లకు వచ్చిన తాత్కాలికులెవరు అని విడదీయండి. హోదాలో "విజిటింగ్" అని ఉంటే తాత్కాలికమే. తాత్కాలికులు బాగా చెప్పరని కాదు. మూడో ఏడాది సిఫారసు లేఖ అడిగే సమయానికి వాళ్లు అక్కడ ఉండకపోవచ్చు.

తర్వాత కేటలాగును, అంటే కాలేజీ ప్రకటించే కోర్సుల జాబితాను, పక్కన పడేయండి. కేటలాగులో అన్నీ ఉంటాయి, పెళ్లి భోజనాల మెనూ కార్డులాగా. విస్తట్లో నిజంగా పడిందేమిటో తెలియాలంటే గత రెండు మూడేళ్లలో టర్ము వారీగా నడిచిన కోర్సుల పట్టిక చూడాలి. మీ అమ్మాయికి కావలసిన పై స్థాయి కోర్సు, మెషీన్ లెర్నింగో, టోపాలజీయో, న్యూరోసైన్సో, ఎన్నిసార్లు నడిచిందో లెక్కపెట్టండి. రెండేళ్లకొకసారే నడిచే కోర్సు అయితే, ఆమె విదేశంలో చదవాలనుకునే సెమిస్టర్‌తో అది ఢీకొనవచ్చు. కంప్యూటర్ సైన్స్‌లో ఇంకో చిక్కుంది: దానికి గిరాకీ ఎక్కువ, చెప్పేవాళ్లు తక్కువ. రెండో ఏడాది కోర్సుల్లో సీటు దొరక్క వెయిటింగ్ లిస్టులో ఉండే పరిస్థితి ఉందేమో అడిగి తెలుసుకోవాలి.

ఎవరిని అడగాలి? అడ్మిషన్ల కార్యాలయం మర్యాదగా మాట్లాడుతుంది, అది వాళ్ల పని. జవాబు కావలసింది విభాగం అధిపతి నుంచి, నాలుగో ఏడాది విద్యార్థి నుంచి. అమ్మాయి చేతే నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయించండి: నాకు మీ కాలేజీలో సీటు వచ్చింది, ఫలానా విషయం చదవాలనుకుంటున్నాను, వచ్చే రెండేళ్లలో ఎవరు సెలవులో ఉంటారు, మొదటి రెండేళ్ల విద్యార్థులు మీ దగ్గర వేసవి పరిశోధన చేస్తారా? చిన్న కాలేజీ అధ్యాపకులు ఇలాంటి ఉత్తరాలకు మామూలుగా జవాబిస్తారు. రెండు చోట్ల నుంచి వచ్చిన జవాబుల తీరు చూస్తేనే సగం సంగతి బోధపడుతుంది. నాన్న రాసిన ఈమెయిల్ వాళ్లు గుర్తుపట్టేస్తారు, ఆ పని చేయకండి.

పక్క కాలేజీ కూడా లెక్కలోకి వస్తుంది. కార్ల్‌టన్ ఉన్న నార్త్‌ఫీల్డ్‌లోనే సెయింట్ ఓలాఫ్ అనే మరో కాలేజీ ఉంది, అక్కడి కోర్సులు పరిమితంగా తీసుకునే వీలుంది. గ్రిన్నెల్‌కు అలాంటి పొరుగు లేదు. మీ జంటలో ఒకటి మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్ అయితే, చుట్టుపక్కల మరికొన్ని సంస్థల కోర్సులు కూడా అందుబాటులో ఉంటాయి. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్ కాలేజీలదీ ఇదే తీరు. అలాంటి చోట విభాగం చిన్నదైనా బెంగ తక్కువ.

ఇవన్నీ ఒకచోట అంకెలుగా కావాలంటే కాలేజీ పేరుతో పాటు "కామన్ డేటా సెట్" అని వెతకండి. తరగతి గదుల పరిమాణం ఐ విభాగంలో, మొదటి ఏడాది తర్వాత ఎంతమంది నిలిచారు, ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారు అన్నది బి విభాగంలో, ఏ విషయంలో ఎంత శాతం డిగ్రీలు ఇచ్చారన్నది జె విభాగంలో ఉంటాయి. ప్రచార పుస్తకాల్లోని బొమ్మల కంటే ఈ పొడి పట్టిక నమ్మదగినది.

ఆరో పని: ఊరు, చలి, అన్నం

గ్రిన్నెల్ తొమ్మిది వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు, చుట్టూ మొక్కజొన్న, సోయా పొలాలు. డెమోయిన్ విమానాశ్రయానికి కారులో గంట. నార్త్‌ఫీల్డ్ జనాభా 20 వేలు, మినియాపోలిస్ విమానాశ్రయం ముప్పావు గంటలో వస్తుంది, అక్కడి నుంచి విమానాలు కూడా ఎక్కువ. కార్ల్‌టన్‌ను ఆనుకుని సుమారు 800 ఎకరాల చెట్ల తోపు ఉంది, నడకకు బాగుంటుంది. చలి విషయంలో రెండింటికీ తేడా పెట్టుకోనక్కర్లేదు. జనవరిలో సున్నాకు చాలా కిందికి పోతుంది, కోటు అక్కడే కొనండి.

శాకాహారం రెండు చోట్లా దొరుకుతుంది. పప్పన్నం రోజూ దొరుకుతుందని ఆశించకండి. గదిలో రైస్ కుక్కర్‌ను చాలా హాస్టళ్లు ఒప్పుకోవు, ఉమ్మడి వంటగది ఉందేమో అడగండి. మినియాపోలిస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, మేపుల్ గ్రోవ్‌లో పెద్ద గుడి ఉంది. అయోవాలో డెమోయిన్ దాటి మాడ్రిడ్ అనే చిన్న ఊళ్లో గుడి ఉంది. కారు లేకుండా వీటికి చేరడం రెండు చోట్లా కష్టమే.

ఏడో పని: డిగ్రీ తర్వాత

"ప్లేస్‌మెంట్ ఎంత శాతం?" అని అడిగితే వాళ్లకు అర్థం కాదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లోలా కంపెనీలు క్యాంపస్‌కు వచ్చి వరుసలో నిలబెట్టి ఉద్యోగాలివ్వవు. గత రెండు మూడేళ్లలో ఫలానా మేజర్ చేసినవాళ్లు ఎక్కడికి వెళ్లారో జాబితా చూపించమని అడగండి. చాలా కాలేజీలు ఇస్తాయి.

ఎఫ్1 విద్యార్థులకు డిగ్రీ తర్వాత 12 నెలలు పని చేసే అనుమతి ఉంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలోని మేజర్ అయితే మరో 24 నెలలు. ఇక్కడ ఒక మెలిక: ఒకే పేరున్న మేజర్‌కు ఒక కాలేజీ ఒక ప్రభుత్వ కోడ్, మరో కాలేజీ ఇంకో కోడ్ పెట్టవచ్చు. ఎకనామిక్స్‌లో ఇది తరచూ కనిపిస్తుంది, కొన్నిచోట్ల అది స్టెమ్, కొన్నిచోట్ల కాదు. రెండు కాలేజీల నుంచీ ఆ మేజర్ కోడ్ రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఈ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతో తాజాగా సరిచూసుకోండి.

చివరి పని: తేల్చడం

వీలైతే ఏప్రిల్‌లో రెండు చోట్లకూ వెళ్లండి, వారాంతంలో కాక పాఠాలు జరిగే రోజున. గైడు వెంట తిరగడం ఒక గంటలో ముగించి, అమ్మాయిని ఒంటరిగా ఒక తరగతిలో, ఒక పూట భోజనశాలలో కూర్చోనివ్వండి. మీరు ఊళ్లో కాఫీ తాగండి. ఇండియా నుంచి వెళ్లలేకపోతే ప్రస్తుత విద్యార్థితో వీడియోలో మాట్లాడించమని అడ్మిషన్ల కార్యాలయాన్ని అడగండి. ఆ అరగంటా మీరు గదిలో ఉండకండి, ఉంటే వాళ్లిద్దరూ నిజం మాట్లాడుకోరు.

అప్పటికీ తేలకపోతే ఆమెను రెండు పేజీలు రాయమనండి, కాలేజీకి ఒకటి చొప్పున: రెండో ఏడాది ఫిబ్రవరిలో ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుంది? పొద్దున ఏ తరగతి, ఎవరు చెబుతారు, మధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటుంది, సాయంత్రం ఏం చేస్తుంది. సేకరించిన సమాచారం ఉంటే పేజీ నిండుతుంది. ఒక కాలేజీ పేజీ సగంలోనే ఆగిపోతే, అక్కడి గురించి ఇంకా ఏం అడగాలో తెలిసిపోతుంది. డబ్బు తేడా మీ కుటుంబాన్ని అప్పుల్లోకి నెట్టేంత ఉంటే ఆ మాట మొదటే చెప్పేయండి, పేజీలు రాయించాక కాదు.

ఎంచుకున్నాక మే 1లోగా ఒక్క చోటే డిపాజిట్ కట్టండి. రెండు చోట్లా కట్టి ఆగస్టు దాకా నాన్చితే ఆ సంగతి కాలేజీలకు తెలిసిన రోజున రెండు సీట్లూ పోవచ్చు. రెండో కాలేజీకి అదే రోజు మర్యాదగా రాదలచుకోలేదని తెలపండి, ఆ సీటు కోసం వెయిటింగ్ లిస్టులో ఎవరో ఎదురుచూస్తుంటారు. ఆ వెంటనే బ్యాంకు కాగితాలు పంపి ఐ20 (వీసాకు కావలసిన కాలేజీ పత్రం) తెప్పించుకుని, వీసా అపాయింట్‌మెంట్ వెతకడం మొదలుపెట్టండి. ఇంటర్ రెండో సంవత్సరం ఫలితాలు రాగానే మార్కుల జాబితా కాలేజీకి పంపాలి. సీటు ఆ మార్కులకు లోబడే ఇచ్చి ఉంటారు, కాబట్టి అడ్మిషన్ వస్తుందిలే అని ఇంటర్ పరీక్షలను తేలిగ్గా తీసుకోనివ్వకండి.